పఫ్‌లు చేస్తానంటున్న మేనకోడలికి

అమ్మడూ,

శనివారం రాత్రి నువ్వు పద్నాలుగు మందిని భోజనానికి పిలిచావని, ముందు పెట్టడానికి పఫ్‌లు ఇంట్లోనే చేస్తానంటున్నావని అక్క ఫోన్‌లో చెప్పింది. బేకరీలో ఆర్డరిస్తే పోయేదిగా అని గొణిగింది కూడా. నాకు మాత్రం ఎంత సంతోషమేసిందో. ముప్పై ఏళ్లు సికింద్రాబాద్‌లో భట్టీ ముందు నిలబడ్డాను. మన ఇంట్లో ఒక్కరైనా ఆ పని వైపు చూశారా? ఫోన్ పెట్టేశాక టెన్షన్ మొదలైంది. ఇవన్నీ ఫోన్‌లో చెబితే "సరే మామయ్యా, సరే మామయ్యా" అని కట్ చేసేస్తావు. అందుకని రాస్తున్నాను.

రెడీమేడ్ పఫ్ పిండి షీట్లు కొనుక్కో, సిగ్గుపడకు. మా ఉస్తాద్ పిండిలో కొవ్వు పెట్టి, మూడు మడతల చొప్పున ఆరుసార్లు మడిచేవాడు. లెక్క వేస్తే 729 పొరలు. మడతకీ మడతకీ మధ్య పిండిని పడుకోనివ్వాలనేవాడు. ఆఫీసు నుంచి వచ్చి నువ్వు చేసే పని కాదది. సూపర్ మార్కెట్లో ఫ్రోజెన్ షీట్లు దొరుకుతాయి. శుక్రవారం రాత్రి ఫ్రీజర్‌లోంచి తీసి కింద ఫ్రిజ్‌లో పెట్టు, తెల్లారేసరికి మడతకు వస్తాయి.

పఫ్ పొంగేది సోడా వల్ల కాదు, ఈస్ట్ వల్లా కాదు. పొరల మధ్య కొవ్వు గట్టిగా ఉండగానే వేడిలోకి వెళ్లాలి. అప్పుడు లోపలి తడి ఆవిరై పొరల్ని పైకి తోస్తుంది. కొవ్వు ముందే కరిగి పిండిలో కలిసిపోయిందంటే అట్టముక్కే. అందుకే లోపల పెట్టే కూర పూర్తిగా చల్లారాలి. గోరువెచ్చగా ఉందిలే అని పెట్టెయ్యకు. తడి కూడా ఉండకూడదు. ఉల్లిగడ్డలో నీళ్లు ఇగిరిపోయేదాకా వేయించి, అప్పుడు ఉడికించిన ఆలుగడ్డ, బఠాణీ వెయ్యి. ఖీమా అయితే గిన్నె అడుగున చుక్క నీరు కనిపించకూడదు. షీటును పదునైన చాకుతో పైనుంచి కిందికి నొక్కి కొయ్యి. లాగి కోశావంటే అంచుల్లో పొరలు అతుక్కుపోతాయి.

మనిషికి మూడు చాలు, మీ ఇద్దరితో కలిపి నువ్వు 48 చెయ్యి. రెండు ముక్కల్లో అయిపోయేంత చిన్నవి. బేకరీ సైజు పెట్టావా, నీ బిర్యానీ మొత్తం మర్నాడు మీ ఇద్దరే తినాలి. మన దగ్గర దావతుల్లో బిర్యానీకి ముందు లుఖ్మీ పెడతారు చూడు, అరచేతిలో పట్టేంత చతురస్రం, లోపల పల్చగా ఖీమా. ఆకలి లేపుతుంది, కడుపు నింపదు. అదీ కొలత.

ఓటీజీని, అదే నీ కరెంటు ఓవెన్‌ని, 200 డిగ్రీల మీద పావుగంట ముందే వేడి చెయ్యి. చిన్న పఫ్‌లకు 18 నుంచి 20 నిమిషాలు పడుతుంది. మొదటి 12 నిమిషాలు తలుపు తియ్యకు, ఆగలేకపోతే వంటింట్లోంచి బయటికి వెళ్లిపో. తర్వాత ట్రేని వెనకది ముందుకు తిప్పు. పైన రంగు చూసి మోసపోకు, ఒకటి ఎత్తి అడుగు చూడు, అడుగూ ఎర్రబడాలి. ట్రేని తడిబట్టతో పట్టుకోకు. చెవిలో ఇల్లు కట్టుకుని చెబుతున్నా. తడిబట్టలోంచి వేడి ఇట్టే చేతికెక్కుతుంది. నా ఎడమ చేతి మీద గీత అదే. చిన్నప్పుడు దాని మీద వేలితో రాస్తూ "మామయ్యా, పాము" అనేదానివి.

ఇంతకీ వచ్చేవాళ్లలో ఎవరెవరు ఏం తింటారో అడిగావా?

నీకు నాలుగో ఏడు నిండిన రోజు. అప్పట్లో మీరు వారాసిగూడలో అద్దెకుండేవాళ్లు. పై వాటాలో ఇంటివాళ్ల మామ్మగారు ఉండేవారు. గుడ్డు కాదుగదా, గుడ్డు వండిన గిన్నె కడిగిన నీళ్లు తొక్కరు. కానీ నువ్వంటే ప్రాణం. రోజూ సాయంత్రం నిన్ను ఒళ్లో కూచోబెట్టుకుని జడ వేసేవారు. ఆ పుట్టినరోజుకి నేను బేకరీలో అరవై పఫ్‌లు చేసి తెచ్చాను. మామ్మగారు తింటారని విడిగా ఆలుగడ్డ కూర, అందులో ఉల్లి కూడా లేకుండా చేశాను. నా జాగ్రత్తకి నేనే మురిసిపోయాను.

ఆవిడ రెండు తిన్నారు. రెండోది తింటూ, "నాయనా, ఈ రంగు ఎలా వచ్చిందయ్యా, బంగారంలా మెరుస్తోంది" అన్నారు. వచ్చినవాళ్లంతా నావైపు చూశారు. పొగిడితే నాకు ఒళ్లు తెలీదు. "అదేం లేదు మామ్మగారూ, పైన గుడ్డు పూత పూస్తే వస్తుంది" అన్నాను.

అన్న తర్వాత కూడా నాకు అర్థం కాలేదు. మీ అమ్మ మొహం చూసి అర్థమైంది. అన్నేళ్లుగా రోజుకి వందల పఫ్‌ల మీద ఆ బ్రష్ ఆడించాను. అది గుడ్డని చేతికి తెలుసు, బుర్రకి తట్టలేదు. వెజ్ అంటే లోపలి కూరే అనుకున్నాను.

ఆవిడ తిట్టలేదు. ప్లేటు నెమ్మదిగా కింద పెట్టి, నీ తల నిమిరి, పైకి వెళ్లిపోయారు. కాసేపటికి బావి దగ్గర చెంబుతో నీళ్లు పోసుకుంటున్న చప్పుడు వినిపించింది. డిసెంబరు నెల, రాత్రి ఎనిమిదింటికి చన్నీళ్ల తలస్నానం. మర్నాడు పచ్చి గంగ ముట్టలేదట. నేను వెళ్లి గుమ్మం దగ్గర నిలబడ్డాను. "తెలిసి పెట్టలేదుగా నాయనా, లోపలికి రా" అని మజ్జిగ ఇచ్చారు. ఆ మజ్జిగ గొంతు దిగలేదు. ఆ తర్వాత కూడా నీకు జడ వేశారు, నాతో బాగానే మాట్లాడారు. కానీ నేనేం తెచ్చినా "ఇంట్లో పెట్టు నాయనా, తర్వాత తింటాను" అనేవారు.

నోరు మూసుకుని ఉంటే ఎవరికీ తెలిసేది కాదని అక్క ఇప్పటికీ అంటుంది. నిజమే, తెలిసేది కాదు. అలా తెలియకుండా ఉండిపోతే నయమా అని నేను చాలా రాత్రులు ఆలోచించాను. ఇంకా తేలలేదు.

కాబట్టి, తల్లీ, ఫోన్ చేసి అడుగు. మొహమాటపడకు. షీటు ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క ఉందో లేదో చూడు. వెజ్ వాటిమీద పాలు పూయి, మెరుపు కాస్త తగ్గుతుంది, తగ్గనీ. గుడ్డయినా పాలయినా కోసిన అంచుల మీదికి కారనివ్వకు, పొరలు అంటుకుపోయి ఒకవైపే లేస్తుంది. వెజ్‌కి త్రికోణాలు, ఖీమాకి చతురస్రాలు కొయ్యి. వెజ్ ట్రే ముందు కాల్చి పక్కన పెట్టు, వడ్డించే ప్లేట్లు కూడా వేరుగా ఉండనీ. జైనులెవరైనా వస్తుంటే ఆలుగడ్డ, ఉల్లి మానేసి పనీర్, బఠాణీ పెట్టు.

శనివారం మధ్యాహ్నమే అన్నీ చుట్టి ట్రేలో సర్ది ఫ్రిజ్‌లో పెట్టుకో, వాళ్లు బెల్ కొట్టాక కాల్చుకోవచ్చు. చల్లారిపోతే మైక్రోవేవ్‌లో పెట్టకు, మెత్తబడి సాగుతాయి. ఓటీజీలోనే అయిదు నిమిషాలు. షీట్ల అంచుముక్కలు ముద్ద చెయ్యకుండా ఒకదాని మీద ఒకటి పేర్చి, ఒత్తి, వాము చల్లి కాల్చు. ఖారా బిస్కెట్లవుతాయి. ఆదివారం పొద్దున చాయ్‌లో ముంచుకుని తినండి.

అక్క శుక్రవారం మీ ఇంటికి వస్తోందిగా, తనతో రెండు బ్రష్‌లు పంపిస్తున్నాను. ఎర్ర దారం కట్టింది గుడ్డుకి. రెండోది కొత్తది, పాలకి.

మీ మామయ్య