తల్లి లేని పిల్లి కూనలకు ముందు వెచ్చదనం, తర్వాతే పాలు

ప్రశ్న: వడ్లు నిల్వ చేసే కొట్టంలో ఎలుకల బెడద తగ్గుతుందని పిల్లిని పెంచుకుంటున్నాం. వారం కిందట నాలుగు కూనలు పెట్టింది. నిన్న రోడ్డు మీద బండి తగిలి చనిపోయింది. కూనలు ఇంకా కళ్లు తెరవలేదు. ఆవు పాలలో దూది ముంచి పడుతుంటే ఒకదానికి విరేచనాలు పట్టుకున్నాయి. ఇంకొకటి ఒళ్లు చల్లబడి నోరు తెరవడం లేదు. ఎలా బతికించుకోవాలి?
– ఒక రైతు, సూర్యాపేట జిల్లా

జవాబు: ముందు ఆ చల్లబడిన కూన సంగతి చూడండి. దానికి ఇప్పుడు పాలు పట్టొద్దు. ఒళ్లు చల్లబడితే పేగుల కదలిక మందగిస్తుంది, పట్టిన పాలు అరగవు. పలచటి గుడ్డలో చుట్టి మీ పొట్టకు ఆనించి గంటసేపు ఉంచుకోండి. పొయ్యి దగ్గర పెట్టడం, వేడినీళ్లలో ముంచడం వద్దు. కదలిక వచ్చి, వేలు అందిస్తే చప్పరించినప్పుడే పాలు. ఈ వయసు కూనలకు తమంతట తాము ఒంటి వేడి నిలుపుకునే శక్తి ఉండదు. అందుకే తల్లి లేనివి ఆకలి కంటే ముందు చలికే పోతుంటాయి. కోడిపిల్లలకు బల్బు పెట్టి పెంచినవాళ్లకు ఇదేమీ కొత్త కాదు. అట్టపెట్టెలో పాత దుప్పటి పరిచి, ఒక పక్క మాత్రం 30 డిగ్రీల వెచ్చదనం ఉండేలా బల్బు వేలాడదీయండి. వేడెక్కితే రెండో పక్కకు అవే పాకుతాయి.

ఇక పాలు. ఊళ్లో పాలిచ్చే పిల్లి ఇంకేదైనా ఉంటే దాని దగ్గర చేర్చి చూడండి, అంతకు మించిన దారి లేదు. పిల్లి పాలలో మాంసకృత్తులు ఆవు పాలకు దాదాపు రెట్టింపు. ఆవు పాలు ఒక్కటే పడితే బలం చాలదు, అవి కూనలకు సరిపడక విరేచనాలూ పట్టుకుంటాయి. పట్నంలో పెంపుడు జంతువుల దుకాణాల్లో కూనల పాలపొడి దొరుకుతుంది. అది వచ్చేదాకా ఒకటి రెండు రోజులు మాత్రం, కాచి చల్లార్చిన గ్లాసెడు చిక్కని పాలలో ఒక గుడ్డు పచ్చసొన బాగా కలిపి, గోరువెచ్చగా పట్టండి.

దూది వద్దు, పోగులు గొంతులోకి పోతాయి. సూది తీసేసిన చిన్న సిరంజి చాలు. మనం పసిపిల్లల్ని పడుకోబెట్టినట్టు వెల్లకిలా పట్టుకుంటే పాలు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. బోర్లా ఉంచి, తల కాస్త ఎత్తి, చుక్కచుక్కగా పట్టండి. 100 గ్రాముల బరువుకు ఒక్క విడతకు 4 మిల్లీలీటర్లు మించొద్దు. రెండు మూడు గంటలకోసారి, రాత్రిళ్లు కూడా. నిద్ర కరువే, తప్పదు.

చాలామందికి తెలియనిది ఇంకోటి ఉంది. మూడు వారాల దాకా కూనలు తమంతట తాము మూత్రం, మలం విసర్జించలేవు. తల్లి నాకితేనే వస్తుంది. కాబట్టి పాలు పట్టిన ప్రతిసారీ తడిపిన వెచ్చటి దూదితో తోక కింద మెల్లగా రుద్దండి.

రోజూ ఒకే వేళకు తూచండి. రోజుకు 10 గ్రాములకు తగ్గకుండా పెరగాలి. విరేచనాల కూనను మాత్రం ఈరోజే పశువైద్యుడికి చూపించండి, ఇంట్లో ఉన్న మాత్రలు వేయొద్దు. పారాసిటమాల్ పిల్లులకు విషం. గోమార్ల కోసం గేదెలకు వాడే డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్ మందులూ అంతే. కూనల ఒంటి మీద పురుగులు కనిపిస్తే సన్నపళ్ల దువ్వెనతో దువ్వి తీయండి.

నాలుగో వారం నుంచి పాలలో నానబెట్టిన మెత్తటి తిండి పళ్లెంలో పెట్టి అలవాటు చేయవచ్చు.

ఇది చదివే మిగతా రైతులకో మాట: పిల్లి పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందంటారు కదా. తల్లి కనిపించలేదని కూనల్ని వెంటనే ఎత్తుకొచ్చేయకండి. కూనలు వెచ్చగా, పొట్ట నిండుగా ఉంటే కొన్ని గంటలు దూరం నుంచి గమనించండి.