పాయింట్లు సమానంగా ఉన్నా ఐపీఎల్‌లో ఒక జట్టు ప్లేఆఫ్స్‌కి, ఇంకోటి ఇంటికి ఎందుకు వెళ్తాయి?

పాయింట్లు, గెలుపులు రెండూ సమానమైతే నెట్ రన్ రేట్ ఎక్కువున్న జట్టే ముందుకెళ్తుంది. సీజన్ మొత్తంలో ఓవర్‌కి మనం చేసిన సగటు పరుగుల్లోంచి, ఓవర్‌కి మనం ఇచ్చిన సగటు పరుగులు తీసేస్తే వచ్చేదే అది. అంటే ఏప్రిల్‌లో చిత్తుగా ఓడిన మ్యాచ్ కూడా మే నెల దాకా వెంటాడుతుంది.

2024లో చెన్నై, బెంగళూరు రెండూ 7 గెలుపులు, 14 పాయింట్లతో ముగించాయి. మే 18న ఈ రెండు జట్లే తలపడ్డ చివరి లీగ్ మ్యాచ్‌లో బెంగళూరు 218 కొట్టింది. చెన్నై గెలవక్కర్లేదు, 201 చేస్తే చాలు, నెట్ రన్ రేట్‌లో ముందుండి ప్లేఆఫ్స్‌కి వెళ్లేది. చివరి ఓవర్లో 17 కావాలి. యశ్ దయాల్ మొదటి బంతికే ధోనీ సిక్స్ బాదాడు, రెండో బంతికి అవుటయ్యాడు. 191 దగ్గర ఆగిపోయిన చెన్నై బయటికెళ్లింది. ఇంతకన్నా టెన్షన్ పెట్టే ఓటమి అరుదు.

ఎక్కువ వికెట్ల తేడాతో గెలిస్తే రన్ రేట్ పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఈ లెక్కలో వికెట్లకు నేరుగా చోటే లేదు. ఛేజింగ్ 15 ఓవర్లలో ముగిస్తే ఒక వికెట్‌తో గెలిచినా, పది వికెట్లతో గెలిచినా ఒకటే. ఆలౌట్ అయితేనే దెబ్బ: 15 ఓవర్లలో 120కి కుప్పకూలినా 20 ఓవర్లు ఆడినట్టే లెక్క, కాబట్టి రేటు 8 కాదు, 6.