స్లైడుకు ఏ మీడియం వాడాలి, ఏ కోర్సు చదవాలి: పర్లాకిమిడి నుంచి ఒక తండ్రి ప్రశ్న

ప్రశ్న: మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. చిన్న బట్టల కొట్టు నడుపుతున్నాను. మా అమ్మాయి బరంపురంలో ప్లస్ త్రీ డిగ్రీ, జువాలజీ ఆనర్స్ చివరి ఏడాదిలో ఉంది. మహేంద్రతనయ ఒడ్డునా, ఊరి మురుగు కాలువల్లోనూ దోమ లార్వాలు పట్టి ప్రాజెక్టు కోసం మైక్రోస్కోపు కింద చూసే నలభై పర్మనెంట్ స్లైడ్లు చేయాలట. చేసినవాటిలో సగం పాలలా తెల్లబడ్డాయి, కొన్నింటిలో గాలి చేరింది. ఒక మాస్టారు కెనడా బాల్సం కొనమంటున్నారు, సీనియర్లు డీపీఎక్స్ చాలంటున్నారు, ఇంకెవరో గోళ్ల రంగుతో పని జరిగిపోతుందన్నారు. ఏది కొనాలి? ఇంత శ్రమకు తగ్గ ఉద్యోగం ఉందా, లేక ఇదంతా వదిలేసి మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ డిప్లొమా, అదే డీఎంఎల్‌టీలో చేర్పించమంటారా?

జవాబు: అయ్యా, తలా ఒక సీసా పేరు చెప్పారు గానీ, స్లైడులో ఏం చూడాలనుకుంటున్నావని మీ అమ్మాయిని ఎవరూ అడిగినట్టు లేదు. మీడియం అంటే స్లైడుకూ పైన కప్పే పలచటి గాజు కవర్‌స్లిప్‌కూ మధ్య నమూనాను పట్టి ఉంచే జిగురు లాంటి పదార్థం. దాని ఎంపిక అక్కడే మొదలవుతుంది. ఉద్యోగం సంగతి కూడా అక్కడినుంచే తేలుతుంది కాబట్టి, మీ రెండో ప్రశ్నకు కాస్త ఆగి వస్తాను. ముందు కొంతసేపు అమ్మాయితో మాట్లాడనివ్వండి.

అమ్మా, స్లైడ్లు తెల్లబడటం మీడియం తప్పు కాదు. బాల్సం కొన్నా అవి అలాగే తెల్లబడేవి. డీపీఎక్స్ అయినా బాల్సం అయినా జైలీన్ అనే ద్రావకంలో కరిగి ఉంటుంది, జైలీన్‌కూ నీటికీ పొసగదు. లార్వాలో ఏ మూలనో నీరు మిగిలితే అది మీడియంలో సన్నటి తుంపరగా విడిపోయి తెల్లటి మసకగా కనిపిస్తుంది. లార్వాలోని నీటిని తీసే 70, 90 శాతం ఆల్కహాల్ మెట్లన్నీ సరిగ్గానే దాటించి ఉంటావు. చివరి మెట్టయిన, నీరు లేని అబ్సల్యూట్ ఆల్కహాల్ మీదే నా అనుమానం. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మన తీరంలో వానాకాలపు గాలి ఎలా ఉంటుందో నీకు తెలుసు. ప్రయోగశాలలో నలుగురు మూత తీసి పెట్టే సీసా కొన్నాళ్లకు పేరుకే అబ్సల్యూట్ అవుతుంది. అనుమానం తీరాలంటే మైలుతుత్తాన్ని నీలం పోయి తెల్లటి పొడి అయ్యేదాకా వేడిచేసి, చల్లారాక చిటికెడు ఆ ఆల్కహాల్‌లో వెయ్యి. పొడి మళ్లీ నీలంగా మారితే ఆల్కహాల్‌లో నీరున్నట్టే, కొత్త సీసా అడుగు. తెల్లబడ్డ స్లైడ్లను పారేయకు. జైలీన్‌లో ఉంచితే కవర్‌స్లిప్ దానంతట అదే ఊడుతుంది. లార్వాను వెనక్కి అబ్సల్యూట్ ఆల్కహాల్‌లోకి తీసుకువెళ్లి, రెండుసార్లు తాజా ఆల్కహాల్ మార్చి, మళ్లీ జైలీన్ మీదుగా తెచ్చి మౌంట్ చెయ్యి, అంటే మీడియంలో పెట్టి కవర్‌స్లిప్ కప్పు. జైలీన్ ఆవిరి మంచిది కాదు, నిప్పు కూడా ఇట్టే అంటుకుంటుంది. ఈ పని హాస్టల్ గదిలోనో ఇంట్లో వంటగదిలోనో పెట్టుకోవద్దు.

ఇక అసలు విషయం. ఒక పదార్థం కాంతిని ఎంత వంచుతుందో చెప్పే అంకె వక్రీభవన గుణకం. గాజుకు అది సుమారు 1.52. డీపీఎక్స్ ఎండాక దాదాపు అంతే, బాల్సం ఒక పిసరు ఎక్కువ, 1.53 దరిదాపుల్లో ఉంటుంది. మరో రెండు మీడియాలున్నాయి: యూపరాల్ 1.48, గ్లిజరిన్ జెల్లీ 1.47. హిమటాక్సిలిన్, ఇయోసిన్ అనే రంగులు వేసిన కణజాలపు కోతకు గాజుతో సరిపోయే మీడియం కావాలి. అప్పుడు కాంతి చెదరకుండా సూటిగా సాగుతుంది, రంగులు మాత్రమే కంటికి తగులుతాయి. రంగు వేయని లార్వా విషయంలో లెక్క తిరగబడుతుంది. బోరోసిలికేట్ గాజు కడ్డీని గ్లిజరిన్‌లో ముంచి చూడు, మునిగినంత మేర దాదాపు మాయమవుతుంది. రెండింటి గుణకం ఒక్కటే కావడం వల్ల కంటికి అంచు దొరకదు. లార్వా వెంట్రుకలు కైటిన్ అనే కీటకాల పెంకు పదార్థంతో చేసినవి, కైటిన్ గుణకం బాల్సానికి బాగా దగ్గర. జాతిని పోల్చుకునేది ఆ వెంట్రుకలతోనే. అనాఫిలిస్ లార్వా తల ముందు భాగంలోని క్లైపియల్ వెంట్రుకలకు కొమ్మలున్నాయా లేవా అన్నదే కొన్నిచోట్ల రెండు జాతులను వేరుచేస్తుంది. ఆ వెంట్రుకలు మీడియంలో కలిసిపోతే స్లైడు అద్దంలా మెరుస్తున్నా పనికిరాదు. సన్నటి వెంట్రుకలు చూడాలనుకునే కీటక నిపుణులు యూపరాల్‌నో, అరబిక్ బంక, క్లోరల్ హైడ్రేట్, గ్లిజరిన్ కలిపి చేసే హోయర్స్ మీడియాన్నో ఇష్టపడేది అందుకే. యూపరాల్‌కు మరో సుగుణం ఉంది, 95 శాతం ఆల్కహాల్ నుంచే నేరుగా మౌంట్ చేయవచ్చు, జైలీన్‌తో పని లేదు. మన తేమ గాలిలో అది చిన్న లాభం కాదు. హోయర్స్ ఏళ్లు గడిచేకొద్దీ స్ఫటికాలు కడుతుంది. దానికి క్లోరల్ హైడ్రేట్ సంపాదించడం విద్యార్థి చేతిలో పని కాదు కాబట్టి దాని జోలికి వెళ్లకు.

బాల్సం కొనమన్న మాస్టారి మాట తీసిపారేయదగ్గది కాదు. వందేళ్లు దాటిన బాల్సం స్లైడ్లు మ్యూజియాల్లో ఇవాళ్టికీ పనికొస్తున్నాయి. ఒక జాతికి ఆధారంగా తరతరాలు దాచే నమూనాకు అంత సుదీర్ఘమైన సాక్ష్యం ఉన్న మీడియం మరొకటి లేదు. అయితే అది బాల్సం ఫర్ అనే చెట్టు కార్చే జిగురు. ఖరీదెక్కువ, గట్టిపడటానికి వారాలు పడుతుంది, కాలం గడిచేకొద్దీ పసుపెక్కి ఆమ్ల గుణం పెంచుకుంటుంది. ఆ ఆమ్లానికి జీమ్సా లాంటి రంగులు వెలిసిపోతాయి. పాలీస్టైరిన్, దాన్ని మెత్తబరిచే ప్లాస్టిసైజర్, జైలీన్ కలిసిన డీపీఎక్స్ 1939లో వచ్చింది. త్వరగా ఆరుతుంది, పసుపెక్కదు, చవక. దాని లోపమల్లా ఆరేటప్పుడు కుంచించుకుపోవడం. పలచటి కోతల్లో అది తెలియదు. లావుపాటి లార్వా చుట్టూ మాత్రం మీడియం లోపలికి లాగుకుని అంచుల నుంచి గాలి దూరుతుంది. నీ స్లైడ్లలో చేరిన గాలి అలా వచ్చిందే కావచ్చు.

దీనికి ఉపాయం ఉంది. నాలుగో దశ లార్వాను వేడి నీటిలో చంపాక, అది క్యూలెక్స్ లేదా ఈడిస్ దోమదైతే పొట్ట ఆరో, ఏడో ఖండాల మధ్య సన్నటి సూదితో తెగ్గొట్టు. ముందు భాగాన్ని వీపు పైకి వచ్చేలా, తోక భాగాన్ని పక్కకు వాల్చి పెట్టు. తోక దగ్గరి ఊపిరి గొట్టమైన సైఫన్ మీది ముళ్ల వరుస అప్పుడే పక్క నుంచి లెక్కకు దొరుకుతుంది. అనాఫిలిస్‌కు సైఫన్ ఉండదు కాబట్టి కోయకుండా వీపు పైకి పెడితే చాలు. లార్వాకు అటూ ఇటూ విరిగిన కవర్‌స్లిప్ ముక్కలు పెట్టి, డీపీఎక్స్ కాస్త ధారాళంగానే వేసి, కవర్‌స్లిప్‌ను ఒక అంచు ముందు ఆనించి మెల్లగా వాల్చు. వేలితో నొక్కకు. మర్నాడు అంచులు చూసి, ఖాళీ కనిపించిన చోట ఇంకో చుక్క పెట్టు, అది తనంతట తానే లోపలికి పాకుతుంది. స్లైడ్లు బల్లపరుపుగా ఆరాలి, నిలబెట్టకూడదు.

గోళ్ల రంగు మీడియం కాదు. గ్లిజరిన్ జెల్లీ స్లైడు ఎండిపోకుండా కవర్‌స్లిప్ అంచు చుట్టూ పూయడానికి మాత్రం బాగా పనికొస్తుంది. జెల్లీ నీటితో పొత్తు కుదిరే మీడియం. పుప్పొడి చూడాలన్నా, సూడాన్ రంగులతో కొవ్వును చూడాలన్నా దానిదే పని. ఆల్కహాల్, జైలీన్ మెట్లెక్కిస్తే ఆ కొవ్వు కరిగిపోయి చూడటానికి ఏమీ మిగలదు. నీ లార్వాలకు అది అక్కరలేదు.

అయ్యా, ఇప్పుడు మీ రెండో ప్రశ్న. రంగు వెలుస్తుందా, కొవ్వు కరుగుతుందా, వెంట్రుక కనిపిస్తుందా అని ముందే ఆలోచించి సీసా తీసే మనిషి ఈ పని జరిగే ప్రతి చోటా కావాలి. మీకు దగ్గర్లోనే అలాంటి చోట్లు ఉన్నాయి. భారత జంతు సర్వేక్షణ సంస్థ కేంద్రం ఒకటి బరంపురం పక్కనే గోపాల్‌పూర్‌లో ఉంది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) వారి, రోగాలు మోసే కీటకాల మీద పనిచేసే వెక్టర్ కంట్రోల్ రిసెర్చ్ సెంటర్ పుదుచ్చేరిలో ఉన్నా, దాని క్షేత్ర కేంద్రం కొరాపుట్‌లో ఉంది. ఆ కొండల్లో మెల్లగా పారే సెలయేళ్లలో పెరిగే అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్ మలేరియాను మోసే ముఖ్యమైన దోమ. మీ అమ్మాయి ఇవాళ కాలువ గట్టున చేస్తున్న పని అక్కడ జీతానికి చేసే పనే. పుదుచ్చేరి కేంద్రంలో పబ్లిక్ హెల్త్ ఎంటమాలజీ (ప్రజారోగ్య కీటకశాస్త్రం)లో ఎమ్మెస్సీ ఉంది, ప్రవేశ ప్రకటన కోసం ఇప్పటినుంచే కన్నేసి ఉంచండి. నా మొదటి సలహా అదే.

ఫోరెన్సిక్ దారి కూడా ఉంది. నీళ్లలో దొరికిన శవం ప్రాణంతో మునిగిందా లేదా అన్న సందేహం వస్తే ఎముక మజ్జలో నీటిలో పెరిగే డయాటమ్‌లనే సూక్ష్మమైన నాచును వెతుకుతారు. వాటి పెంకు సిలికా, గుణకం బాగా తక్కువ కాబట్టి 1.7 దాకా ఉండే నాఫ్రాక్స్ లాంటి మీడియంలో పెడితేనే గీతలు స్పష్టంగా తేలతాయి. లార్వాలతో నేర్చుకున్న లెక్కే అక్కడా నడుస్తుంది.

డీఎంఎల్‌టీ చెడ్డ చదువేమీ కాదు, త్వరగా సంపాదన మొదలవుతుంది. కానీ డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్న పిల్లను వెనక్కి తెచ్చి, ప్లస్ టూ పిల్లలతో కలిపి రెండేళ్ల డిప్లొమాలో కూర్చోబెట్టడం నాకు సమ్మతం కాదు. చిన్న ల్యాబుల్లో రోజంతా రక్తం తీసి యంత్రంలో పెట్టే పనే ఎక్కువ. కణజాలపు స్లైడ్లు చేసే హిస్టోపాథాలజీ విభాగం పెద్ద ఆసుపత్రుల్లో, వైద్య కళాశాలల్లోనే ఉంటుంది. ఆమెకు ఆసుపత్రి వైపే మనసుంటే డిగ్రీ ముగిశాక మాట్లాడుకుందాం. ఏ సంస్థలో ఫీజు కట్టినా, 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం ప్రకారం ఆ కోర్సుకు గుర్తింపు ఉందో లేదో ముందు అడగండి.

మీరు అడగని సంగతి ఒకటి ఉంది. సరిహద్దులో మన తెలుగు కుటుంబాల పిల్లలు చాలామంది ఇక్కడే తడబడుతున్నారు. ఒడిశా ప్రభుత్వ ఉద్యోగ ప్రకటనల్లో ఏడో తరగతి స్థాయిలో ఒడియా ఉత్తీర్ణులై ఉండాలన్న నిబంధన సాధారణంగా ఉంటుంది. ఇంట్లో, బజార్లో ఒడియా ధారాళంగా మాట్లాడే పిల్లలకు కూడా బడిలో ఆ సబ్జెక్టు లేకపోతే దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది. అమ్మాయి ధ్రువపత్రాలు తీసి చూడండి. లేకపోతే ఆ స్థాయి ఒడియా పరీక్ష విడిగా రాసే వీలుంది, చదువు ముగిసేలోపే రాయించండి. సరిహద్దు దాటి ఆంధ్రలో సీటు చూద్దామనుకుంటే స్థానికతను చదివిన చోటును బట్టి లెక్కిస్తారు. పాతపట్నంలో బంధువుల ఇల్లుంటే సరిపోదు.

ఇక కొనవలసినవి. డీపీఎక్స్ చిన్న సీసా, మూత తీయని అబ్సల్యూట్ ఆల్కహాల్, కొంచెం మైలుతుత్తం. డబ్బు మిగిలితే చిన్న సీసా యూపరాల్ తెప్పించి, అందులో ఒక అయిదారు అనాఫిలిస్ లార్వాలు మౌంట్ చేయించండి. బాల్సం ఇప్పుడు వద్దు, మాస్టారి దగ్గర ఉంటే ఒక్క స్లైడుకు సరిపడా అడిగి పుచ్చుకోమనండి. మూడు మీడియాల్లోనూ ఒకే జాతి లార్వా తలను ఒకే కటకం కింద ఫొటోలు తీసి ప్రాజెక్టు నివేదికలో పక్కపక్కన పెట్టాలి. ప్రతి స్లైడు చీటీ మీద లార్వా పట్టిన చోటు, తేదీ, జాతితో పాటు మీడియం పేరు కూడా రాయాలి. పదేళ్ల తర్వాత ఎవరైనా ఆ స్లైడును విప్పి మళ్లీ మౌంట్ చేయవలసివస్తే ఏ ద్రావకంలో నానబెట్టాలో ఆ పేరు చూసే తెలుసుకుంటారు. ఇంటర్వ్యూకు వెళ్లేటప్పుడు మార్కుల జాబితాతో పాటు ఆ స్లైడ్ల పెట్టె కూడా పట్టుకెళ్లమనండి.