చిట్టీ, పెన్సిల్ మర్చిపోకు

చిట్టీ,

చేపల్లో వేడి రక్తం ఎలా పుట్టుకొచ్చిందో జన్యువుల్లో వెతుకుతావట, పీహెచ్‌డీ అదేనట. రాత్రి మీ నాన్న ఫోన్ చేసి చెప్పినప్పటి నుంచి నాకు నిద్ర లేదు, సంతోషం సగం, టెన్షన్ సగం.

ఐస్ ఎక్కువ తీసుకెళ్లు, తెల్లారకముందే హార్బర్‌కి చేరు. ఇవి నీకు తెలిసినవే.

నేను చేసిన తప్పు మాత్రం విను. సూర (ట్యూనా), వంజరం ఒకే కుటుంబం చేపలు కదా. వంజరం ఒళ్లు నీళ్లంత చల్లగా ఉంటుంది, సూర మాత్రం ఈదేటప్పుడు ఎర్రకండలో పుట్టే వేడిని బయటికి పోనివ్వదు, చల్లటి రక్తం లోపలికి, వేడి రక్తం బయటికి సన్నటి నాళాల్లో పక్కపక్కనే ఎదురెదురుగా పారుతుంటే వేడి మొప్పల దాకా పోకుండా మళ్లీ లోపలికే మళ్లుతుంది. ఆ రెండింటి డీఎన్ఏ పోలుద్దామని వైజాగ్ హార్బర్‌లో నాలుగు నెలలు తిరిగి ముక్కలు కోసి ఆల్కహాల్‌లో వేశాను. పేర్లు పెన్నుతో సీసాల మీద రాశాను. ఒక సీసా మూత వదులై ఆల్కహాల్ కారింది, పెట్టె తెరిస్తే నీలం మరకలే, ఏ ముక్క దేనిదో తెలియలేదు. అప్పట్లో డీఎన్ఏ చదివి చెప్పే సీక్వెన్సింగ్ మాకెక్కడిది! ఆ సాయంత్రం మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. పెన్సిల్‌తో కాగితం మీద రాసి సీసా లోపలే వెయ్యి తల్లీ.

కొమ్ముకోనేన్ని, అదే పొడుగు కొమ్ములాంటి ముక్కున్న చేపని, సూరతో కలిపెయ్యకు. దాని కంటి దగ్గర కండ ఒకటి లాగే పని మానేసి కన్నూ మెదడూ వెచ్చబెట్టడానికే మిగిలింది. 1993లో చేపల శాస్త్రవేత్త బార్బరా బ్లాక్ వాళ్లు సైటోక్రోమ్ బి జన్యువుతో వంశవృక్షం గీస్తే, సూర బంధువర్గంలోనే ఈ గుణం విడివిడిగా మూడుసార్లు పుట్టిందని తేలింది. 2015లో ఓపా అనే సముద్రపు చేప వచ్చి గుండెతో సహా ఒళ్లంతా వెచ్చగా ఉంటానంది. కాబట్టి ఒకే జన్యువు దొరుకుతుందని ఆశపడి వెతక్కు. ఇంకోటి, డీఎన్ఏ అన్ని కండల్లోనూ ఒకటే, ఎక్కడ ఏ జన్యువు పనిచేస్తోందో చూడాలంటే పనిచేసే జన్యువు నుంచి తయారయ్యే నకలు, ఆర్ఎన్ఏ, కావాలి, అది ఎండలో పడున్న చేపలో మిగలదు. వల పైకి లాగగానే ముక్క కోసి పెట్టమని బోటువాళ్లని అడుగు, సిగ్గుపడకు.

అలాగని తుఫాను రోజుల్లో నువ్వే బోటెక్కావంటే మాత్రం నాతో మాట్లాడకు. శాంపిల్ లేకపోతే ఏడాది ఆగొచ్చు. నాకున్నది నువ్వొక్క మేనకోడలివే.

రెండు డజన్ల పెన్సిళ్లు కొనిపెట్టాను, ఆదివారం వచ్చి తీసుకెళ్లు. చేపల పులుసు కూడా పెడతాను.

మీ అత్త