ఏ వణుకు ఉంచాలి, ఏది తీసెయ్యాలి

చిరంజీవి బుజ్జికి మామయ్య ఆశీస్సులు.

ముగ్గుపిండి బొమ్మని కొంచెం కొంచెం మారుస్తూ ఒక్కో ఫొటో తీసి నువ్వు చేసి పంపిన 40 సెకన్ల సినిమా ముందు ఫోన్లో చూశాను, తర్వాత టీవీలో పెట్టుకుని మళ్ళీ చూశాను. నీ పని చూసి తీర్పు చెప్పే మీ జ్యూరీలో "బొమ్మ వణుకుతోంది, కంప్యూటర్లో చేసేస్తే పోయేదిగా" అన్నారట. అప్పట్నుంచి నీకు ఒకటే టెన్షన్ అని మీ అమ్మ చెప్పింది. వణుకుతున్న మాట నిజమే. అయితే అందులో నీ చేతి వణుకు వేరు, నీ బల్ల వణుకు వేరు. వాళ్ళు రెంటినీ ఒకే గాటన కట్టేశారు. నువ్వూ నమ్మేసి మొత్తం చెరిపేద్దామనుకుంటున్నావు. అంత పని చెయ్యకు.

సెకనుకి 24 ఫ్రేములు, అంటే 24 విడి ఫొటోలు, ఒక్కో బొమ్మని రెండేసి ఫ్రేములు తీశావు కాబట్టి సెకనుకి 12 బొమ్మలు. 40 సెకన్లకి 480 సార్లు ఆ ముగ్గుపిండిని వేలితో సర్దావన్నమాట. అన్నిసార్లూ నెమలి మెడ అంచు ఒకేలా ఎలా ఉంటుంది? ఉండకపోవడం వల్లే అది ప్రాణమున్నదానిలా కనిపిస్తోంది. చివర్లో నెమలి ఆగి నిలబడిన చోట చూడు. ఒకే ఫొటోని రెండు సెకన్లు కాపీ కొట్టి పెట్టావు. అక్కడ పక్షి నిలబడలేదు, సినిమానే ఆగిపోయింది. కదలకుండా ఉండే బొమ్మని కూడా మూడుసార్లు విడిగా గీసుకో. వాటిని 1, 2, 3, 1, 3, 2 అని కలిపి తిప్పు. రెండే గీస్తే గడియారంలా టిక్కుటిక్కుమంటుంది, మూడుంటే కన్ను వరస పట్టలేదు.

ఇక బల్ల సంగతి. పదకొండో సెకను దగ్గర బొమ్మ మొత్తం కుడికి గెంతుతుంది. నీ మోచెయ్యి స్టాండుకి తగిలుంటుంది, లేదా వంగి ఫోన్ బటన్ నొక్కి ఉంటావు. ఫోన్ని ముట్టుకోకుండా ఇయర్‌ఫోన్ వాల్యూమ్ బటన్‌తో క్లిక్ కొట్టు, చాలా ఫోన్లలో పనిచేస్తుంది. స్టాండు కాళ్ళు ఎక్కడున్నాయో నేల మీద టేపుతో గుర్తు పెట్టుకో. నల్ల అట్ట నాలుగు మూలలూ బల్లకి అతికించు. ఫోకస్, ఎక్స్‌పోజర్ (వెలుగు మోతాదు), వైట్ బ్యాలెన్స్ (రంగుల ఛాయ) మూడూ లాక్ చెయ్యి. ఆటోలో వదిలేస్తే నీ చెయ్యి అడ్డొచ్చిన ప్రతిసారీ ఫోను తన తెలివి చూపిస్తుంది.

ఇరవయ్యో సెకను నుంచి వెలుగు ఎగిరెగిరి పడుతోందే, అది కిటికీ. పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నం దాకా తీశావు, మధ్యలో మబ్బు పట్టింది. కిటికీకి మందపాటి దుప్పటి కట్టి రెండు ఎల్‌ఈడీ లైట్లు పెట్టుకో. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి షట్టర్ వేగం సెకనులో 1/50 వంతు కానీ 1/100 వంతు కానీ పెట్టు, లైట్ల మినుకు తగ్గుతుంది. ఇంకోటి, తెల్ల చొక్కా వేసుకుని కెమెరా కింద కూర్చోకు. చొక్కా మీద పడ్డ వెలుగు బొమ్మ మీద పడుతుంది. మద్రాసులో మేము యానిమేషన్ కెమెరా ముందు ఎండాకాలంలో కూడా నల్ల చొక్కాలతోనే కూర్చునేవాళ్ళం. ఫ్యాన్ వేసుకునే యోగం ఎలాగూ లేదు.

బియ్యప్పిండి మాత్రం మానెయ్. రాత్రి సగంలో వదిలేసి పడుకుంటే చీమలు వచ్చి నీ బదులు యానిమేషన్ చేసి పోతాయి. బజార్లో దొరికే రాతి ముగ్గుపిండి బరువుగా ఉంటుంది, ఊపిరికి లేవదు, చీమలు పట్టవు. ముక్కుకి మాస్కు మాత్రం కట్టుకో.

ఊళ్ళో మూసేసిన థియేటరు ఆపరేటరు మీ నాన్నకి ఇచ్చిన రీళ్ళ డబ్బా గురించి రాశావు. ఫిల్ము మీదే గీకి సినిమా చెయ్యాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదన్నావు. అది 35 ఎంఎం ఫిల్ము అయితే లెక్క మన ఇంట్లోనే ఉంది. అడుగుకి 16 ఫ్రేములు, సెకనుకి 24, అంటే సెకను సినిమా సరిగ్గా 18 అంగుళాలు. పూలమ్మి కొలిచే మూర అంత. జానెడు అర సెకను. బెత్తెడు కొలిస్తే నాలుగు ఫ్రేములు. నేలమీద ఫిల్ము పరిచి చేత్తో కొలుచుకుంటూ పోవచ్చు. బెత్తెడు మేర ఉన్న గీత కంటికి ఇలా మెరిసి అలా పోతుంది. చూసేవాడికి ఏదైనా బొమ్మ అని తెలియాలంటే కనీసం జానెడైనా ఇవ్వు. ఫ్రేముకి ఒక్కో అంచున నాలుగు రంధ్రాలు, అవి లెక్కపెట్టుకుంటే హద్దు తప్పవు.

పెదవి తడిచేసి ఫిల్ముకి ఆనించు. అంటుకున్న వైపు మందు పూత, అంటే బొమ్మ పడే పూత, ఉన్నట్టు. గీకాల్సింది ఆ వైపే. కలర్ ప్రింటులో బాగా నల్లగా ఉన్న చోటు వెతికి సూదితో మెల్లిగా గీకు. ముందు ఆకుపచ్చ వస్తుంది. ఇంకాస్త నొక్కితే పసుపు, పూర్తిగా గీకేస్తే తెలుపు. రంగుల పొరలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి, పైది పోయేకొద్దీ కిందవి బయటపడతాయి. అంటే చేతిలో ఒక్క సూది ఉంటే చాలు, ఎంత నొక్కావన్నదాన్ని బట్టి రంగు. ఇంత మంచి కుంచె నాకు ఇంకెక్కడా కనబడలేదు. ప్రింటు పాతబడి ఎర్రగా పాలిపోయి ఉంటే మాత్రం ఈ వరస సరిగ్గా రాదు. రంగు వెయ్యాలనుకుంటే సీడీల మీద రాసే మార్కర్ వాడు. పోస్టర్ కలర్ వెలుగుని ఆపేస్తుంది, ఎంత ఎర్రగా వేసినా తెర మీద నల్ల మచ్చే.

ప్రొజెక్టర్ కోసం తిరగొద్దు. ట్యాబ్ తెర తెల్లగా పెట్టి, దాని మీద కొంచెం ఎత్తులో ట్రేసింగ్ పేపర్ అతికించిన గాజు పలక ఉంచి, ఫ్రేము ఫ్రేముగా ఫొటో తియ్యి. ఆ ఎత్తు లేకపోతే తెర మీది చుక్కలు కూడా పడతాయి. గాజు అంచున రెండు చిన్న మేకులు అతికించి ఫిల్ము రంధ్రాలు వాటికి తగిలిస్తే ప్రతి ఫ్రేమూ అదే చోట కూర్చుంటుంది.

గీకే ముందు డబ్బాల మీద లేబుళ్ళు చదువు. ట్రైలర్లు, యాడ్లు, చివర వచ్చే నల్ల ముక్కలు అయితే సరే. పాత తెలుగు సినిమా రీలు అయితే చెయ్యి పెట్టకు. 1932లో వచ్చిన మన మొదటి టాకీ భక్త ప్రహ్లాదకే ఇవాళ ప్రింటు లేదు. అలాంటిది దొరికితే పూణే ఫిల్మ్ ఆర్కైవ్‌కి కబురు చెయ్యాలి. 1950ల ముందటిదేమో అని అనుమానం వచ్చినా ఇంట్లో ఉంచకు. అప్పటి నైట్రేటు ఫిల్ము అంటుకుంటే ఆర్పడం కష్టం. డబ్బా తీయగానే పులిసిన వెనిగర్ వాసన వస్తే ఫిల్ము కుళ్ళుతున్నట్టు, దాన్ని మిగతావాటికి దూరంగా పెట్టు.

"కథ ఏది?" అని కూడా జ్యూరీ వాళ్ళు అడిగారట. ఆ ప్రశ్నకి కోపం తెచ్చుకోకు, కథ అల్లి అతికించనూవద్దు. నీ సినిమా ఏం చేసి చూస్తోందో ఒక్క వాక్యంలో చెప్పడం నేర్చుకో. "అమ్మమ్మ పొద్దున వేసిన ముగ్గు సాయంత్రానికి ఎన్ని కాళ్ళ కింద పడి ఏమవుతుందో చూశాను" అంటే చాలు, ఇంకెవరూ కథ అడగరు. "ప్రయోగం చేశానండీ" అని ఊరుకుంటే అడుగుతారు, అడగాలి కూడా. ఇవన్నీ పనికొస్తాయా అని మీ నాన్న గొణుగుతుంటే లెన్ లై అనే ప్రయోగాల సినిమాకారుడి గురించి చెప్పు. 1935లో లండన్‌లో ఆయన కెమెరా లేకుండా ఫిల్ము మీదే రంగులు వేసి తీసిన సినిమాకి డబ్బిచ్చింది పోస్టాఫీసు వాళ్ళు. పార్సిల్ రేట్లు తగ్గాయన్న ప్రకటన అందులో కలిపారు. మన దగ్గర కేంద్ర ప్రభుత్వం డాక్యుమెంటరీలు తీయించిన ఫిల్మ్స్ డివిజన్‌లో ప్రమోద్ పతి అనే దర్శకుడు 1960లలో కుటుంబ నియంత్రణ ప్రచారానికి కూడా మనుషుల్ని ఫ్రేము ఫ్రేముగా జరిపి ప్రయోగాలు చేశాడు. అదంతా సర్కారు సొమ్మే.

సౌండ్ గురించి ఒక్క మాట. ఆ డౌన్‌లోడ్ చేసిన ఫ్లూట్ తీసెయ్యి. పిండి రాలే చప్పుడు, చీపురు చప్పుడు నువ్వే రికార్డు చేసి పెట్టు.

మొత్తం మళ్ళీ తియ్యకు. పదకొండో సెకను గెంతు దగ్గర ఫ్రేములు కంప్యూటర్లో జరిపి సరిచెయ్యొచ్చు, అందులో తప్పేం లేదు. కిటికీ వెలుగు పడిన భాగం, చివరి నెమలి మాత్రం కొత్తగా తియ్యి. అన్నట్టు, రీళ్ళ డబ్బాలు తెరవకుండా పై లేబుళ్ళు మాత్రం ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టు. ఏవి గీకొచ్చో చూసి చెప్తాను.

మీ మామయ్య