టెక్ సందేహాలు: చాటుగా వినే పాటలు, చాటింపు వేసే ఫోన్లు

ప్రశ్న: నలుగురిలో ఉన్నప్పుడు నేను తెగ వెక్కిరించే పాట ఒకటుంది. ఒంటరిగా ఉంటే రోజూ అదే వింటాను. నాలుగు రోజులు విన్నానో లేదో, మ్యూజిక్ యాప్ హోమ్ పేజీ నిండా అలాంటి పాటలే వచ్చి కూర్చున్నాయి. పక్కన ఎవరైనా ఉంటే యాప్ తెరవాలంటేనే టెన్షన్. వీటిని వదిలించుకునేదెలా?

జవాబు: పాటను వదిలించుకోనక్కర్లేదు, సిఫార్సుల సంగతి చూద్దాం. మీరు వెటకారంగా విన్నారా, మురిసిపోతూ విన్నారా అన్నది యాప్‌కి తెలీదు. చివరిదాకా విన్నారా, మళ్లీ పెట్టారా, మధ్యలో దాటేశారా... దాని లెక్కలివే. స్పాటిఫైలో అయితే 30 సెకన్లు విన్నారంటే ఒక స్ట్రీమ్ కింద జమ. ఆ పాటను మీలాగే తిప్పి తిప్పి విన్నవాళ్లు ఇంకేం విన్నారో చూసి, అవి తెచ్చి మీ ముందు పోస్తుంది. అంటే మీ హోమ్ పేజీలో ఉన్నది మీ ఒక్కరి గుట్టే కాదు, మీలాంటి దొంగచాటు శ్రోతలందరిదీ. నాకైతే ఇది కాస్త ఊరటగానే ఉంటుంది.

ఏ యాప్ వాడుతున్నారో రాయలేదు కాబట్టి మూడింటి గురించీ చెప్తాను. స్పాటిఫైలో అందరూ ముందు 'ప్రైవేట్ సెషన్' ఆన్ చేసుకుంటారు. మీరేం వింటున్నారో ఫాలోవర్లకు కనిపించకుండా అది దాస్తుంది. సిఫార్సుల మీద ప్రభావం 'ఉండకపోవచ్చు' అంటుందే కానీ గట్టి హామీ ఏమీ ఇవ్వదు. పైగా కొన్ని గంటలకు దానంతటదే ఆగిపోతుంది. నా సలహా వేరు. ఆ పాటలన్నీ విడిగా ఒక ప్లేలిస్ట్‌లో పెట్టండి. మూడు చుక్కల మెనూలో 'ఎక్స్‌క్లూడ్ ఫ్రమ్ టేస్ట్ ప్రొఫైల్' (మీ అభిరుచి లెక్కలోంచి తీసేయమని) నొక్కండి. ఎప్పుడూ ఆ ప్లేలిస్ట్ నుంచే వినండి. దాన్ని ప్రైవేట్‌గా మార్చడం మరిచిపోకండి, లేకపోతే కథ మొదటికొస్తుంది.

యూట్యూబ్ మ్యూజిక్‌లో హిస్టరీలోకి వెళ్లి ఆ పాటలను ఒక్కొక్కటిగా తీసేయొచ్చు. యాపిల్ మ్యూజిక్‌లో 'యూజ్ లిజనింగ్ హిస్టరీ' ఆఫ్ చేస్తే సరి. ఐఫోన్‌లో ఐఓఎస్ 17.2 నుంచి దీన్ని ఫోకస్ మోడ్‌కి (పనిని బట్టి ఫోన్ సెట్టింగ్స్ మార్చే ఏర్పాటు) కూడా ముడిపెట్టుకోవచ్చు. 'చాటు పాటలు' అని ఒక ఫోకస్ పెట్టుకుంటే అది ఆన్‌లో ఉన్నంతసేపూ విన్నది లెక్కలోకి రాదు.

ప్రశ్న: ఏడాదంతా ఎక్కువగా విన్న పాటలేవో చివర్లో కార్డులుగా చూపించే స్పాటిఫై ర్యాప్డ్‌లో ఆ పాటే నంబర్ వన్‌గా వస్తుందేమో?

జవాబు: రావచ్చు. కానీ మీరు షేర్ చేస్తేనే నలుగురికీ తెలిసేది. పరువు నిలిపే కార్డులు మాత్రమే పంపండి.

ప్రశ్న: రాత్రి ఫోన్‌లో చూసిన పాట పొద్దున టీవీలో యూట్యూబ్ తెరవగానే అందరి ముందూ ప్రత్యక్షమవుతోంది. ఎందుకిలా?

జవాబు: రెండింట్లోనూ మీ అకౌంటే ఉంది కాబట్టి. హిస్టరీ ఫోన్‌ది కాదు, అకౌంట్‌ది. టీవీకి వేరే అకౌంట్ పెట్టేస్తే బాధ శాశ్వతంగా తీరుతుంది. ఒక్క రాత్రి సంగతే అయితే ఫోన్‌లో యూట్యూబ్ ప్రొఫైల్ బొమ్మ నొక్కి 'ఇన్‌కాగ్నిటో' ఆన్ చేయండి. హిస్టరీని 'పాజ్' చేయడం కూడా ఒక దారే కానీ, మళ్లీ ఆన్ చేయడం మరిచిపోతారు. అప్పుడు సగంలో ఆపిన మంచి వీడియోల ఆచూకీ కూడా దొరకదు.

ప్రశ్న: కారు ఎక్కగానే ఫోన్ దానంతటదే కనెక్ట్ అయిపోతోంది. పాట పేరు స్క్రీన్ మీద పెద్ద అక్షరాల్లో! దీన్ని ఆపొచ్చా?

జవాబు: మీ బాధ నాకు తెలుసు. ఓసారి ఇయర్‌బడ్స్ పెట్టుకుని, కళ్లు మూసుకుని అలాంటి పాటే ఒకటి పెట్టాను. వినిపించలేదు. వాల్యూమ్ పెంచాను. ఊహూఁ. ఇంకా పెంచాను. పక్క గదిలో బ్లూటూత్ స్పీకర్ దగ్గర కూర్చున్న మా తమ్ముడు పల్లవి, మొదటి చరణం పూర్తిగా విన్నాక తలుపు తీసి నా వంక చూశాడు.

బ్లూటూత్‌లో పాటతో పాటు పాట పేరు, గాయకుల పేర్లు పంపే ఏర్పాటు కూడా ఉంటుంది. దాని పేరు ఏవీఆర్‌సీపీ. కారు స్క్రీన్ మీద పడేది అదే. ఆండ్రాయిడ్‌లో బ్లూటూత్ సెట్టింగ్స్‌లో కారు పేరు పక్కనున్న గేర్ గుర్తు నొక్కి 'మీడియా ఆడియో' ఆఫ్ చేయండి. 'ఫోన్ కాల్స్' అలాగే ఉంచండి. కాల్స్ కారులో వస్తాయి, పాటలు ఫోన్‌లోనే ఉంటాయి. ఐఫోన్‌లో కంట్రోల్ సెంటర్‌లో బ్లూటూత్ బటన్ నొక్కితే మర్నాటి దాకా మాత్రమే తెగుతుంది. పూర్తిగా ఆపాలంటే సెట్టింగ్స్‌లోకే వెళ్లాలి.

ప్లే నొక్కేముందు శబ్దం ఏ పరికరానికి వెళ్తోందో ఒకసారి చూసుకోండి, నోటిఫికేషన్‌లో ప్లేయర్ మూలనే ఉంటుంది. నేను ఇప్పుడు చూసుకుంటున్నాను. మా తమ్ముడు మాత్రం స్నానానికి వెళ్లినప్పుడల్లా ఆ పల్లవే కూనిరాగం తీస్తున్నాడు.