వెనక డిరైలర్ బిగించే ముందు ఇది చదువు

అమ్మడూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. 1988 నాటి స్టీలు ఫ్రేము మౌంటెన్ బైక్ ఒకటి తెచ్చుకున్నావట, మొత్తం విప్పేశావట, బాగుచేసి కొండదారుల్లో తొక్కుతానంటున్నావట. వెనక డిరైలర్, అదే చైన్‌ని ఒక గేరు మీంచి ఇంకో గేరు మీదికి మార్చే పరికరం, అరిగిపోయిందని పాతవాటి కోసం వెతుకుతున్నావట కూడా. విన్నప్పుడు ఎంత మురిసిపోయానో చెప్పలేను. ఫోన్ పెట్టేశాక మాత్రం గుబులు పట్టుకుంది. ఎందుకో కింద చెబుతాను.

ముందు తేలిక పనులు. చైన్, కేబుల్ కొత్తవి వేసుకో, పాతవాటిని నమ్ముకోకు. చైన్ పొడవుకి, డిరైలర్‌లోంచి పోనివ్వకుండా ముందు పెద్ద పంటి చక్రం, వెనక పెద్ద పంటి చక్రం మీదుగా చుట్టి, కలిసిన చోటికి రెండు లింకులు కలుపుకో. గేర్ కేబుల్‌కి నిలువు తీగల హౌసింగే (కేబుల్ మీది తొడుగు) వాడు. మిగిలిన ముక్క ఉంది కదా అని దాన్ని బ్రేకుకి మాత్రం వేయకు. గట్టిగా బ్రేకు పట్టిన రోజున అది పగిలిపోతుంది. ఈ ఒక్క మాట రెండుసార్లు చదువు.

ఇక డిరైలర్ సంగతి. పాతవన్నీ ఒకేలా కనిపిస్తాయి, అక్కడే మోసపోతాం. షిమానో కంపెనీ 1982లో మొదటి డియోర్ ఎక్స్‌టీ డిరైలర్ తెచ్చింది, దాని నంబరు ఎం700. దాని మీద జింక తల బొమ్మ ఉంటుంది. ఎంత అందంగా ఉంటుందో! కానీ అది లివర్‌లో గేరుకో క్లిక్కు పడే పద్ధతి రాకముందుది. గేరు కూర్చుందో లేదో చెవితో విని, వేలితో సర్దుకోవాలి. అలా తొక్కడం నాకు ఇష్టమే, నీకూ నచ్చవచ్చు. అయితే క్లిక్ లివర్లకి జత చేసి దాని దగ్గర కచ్చితత్వం ఆశించకు.

అప్పటికి వాలు ప్యారలలోగ్రామ్, అంటే డిరైలర్‌ని పక్కకి జరిపే నాలుగు కీళ్ళ చట్రాన్ని వాలుగా పెట్టే పద్ధతి, సన్‌టూర్ కంపెనీ వాళ్ళది. 1964లో వాళ్ళు కనిపెట్టారు. డిరైలర్ లోపలికి జరుగుతూనే కిందికి కూడా దిగుతుంది. అందువల్ల చిన్న చక్రం దగ్గరైనా పెద్ద చక్రం దగ్గరైనా పై కప్పీకి (డిరైలర్‌లో చైన్‌ని నడిపే రెండు చిన్న చక్రాల్లో పైది), పళ్ళకి మధ్య దూరం పెద్దగా మారదు. చూడటానికి చిన్న ఆలోచన, కానీ ఈనాటి డిరైలర్లు చాలావరకు దాని మీదే నిలబడ్డాయి. ఆ పేటెంట్ 1984లో ముగిసింది. ఆ ఏడాదే షిమానో రేసు సైకిళ్ళ డ్యూరా-ఏస్‌తో క్లిక్కుల పద్ధతి, ఎస్ఐఎస్, వచ్చింది. వాలు ప్యారలలోగ్రామ్‌కి తోడు పైనా కిందా రెండు కీళ్ళలోనూ స్ప్రింగులు పెట్టారు. ఎనభైల చివర్లో మౌంటెన్ బైకులకి వచ్చిన ఎక్స్‌టీ ఎం730 ఆ తరానిదే. తర్వాత 7 గేర్ల హైపర్‌గ్లైడ్ (షిమానో పంటి చక్రాల పద్ధతి) కాలంలో ఎం735, 8 గేర్లకి ఎం737, 1999లో 9 గేర్లకి ఎం750.

ఇక్కడ నువ్వు పట్టుకోవాల్సిన లెక్క ఒకటుంది. ఆకారాలు ఎంత మారినా వీటిలో కేబుల్ 1 మిల్లీమీటరు లాగితే డిరైలర్ దాదాపు 1.7 మిల్లీమీటర్లు జరుగుతుంది. ఎం730 నుంచి ఎం750 దాకా అంతే. 7 గేర్లలో పంటి చక్రానికీ పంటి చక్రానికీ దూరం 5 మిల్లీమీటర్లు, 8లో 4.8, 9లో సుమారు 4.35. ఆ తేడాని సర్దేది లివర్, డిరైలర్ కాదు. కాబట్టి నీ 7 గేర్ల లివర్‌కి 9 గేర్ల ఎం750 తగిలించినా హాయిగా పనిచేస్తుంది. ఆ కాలపు డ్యూరా-ఏస్ డిరైలర్, సన్‌టూర్ ఆక్యుషిఫ్ట్, 1995 నాటి శ్రామ్ ఈఎస్‌పీ, 2010 తర్వాతి షిమానో 10 గేర్ల మౌంటెన్ డిరైలర్ మాత్రం వద్దు. వాటి లెక్కలు వేరు. బిగించి కాసేపు తిప్పి చూస్తే సరిపోయినట్టే ఉంటుంది, మూడో గేరు దగ్గరికి వచ్చేసరికి గడబిడ మొదలవుతుంది.

కొనేటప్పుడు కేజ్‌ని, అదే కప్పీలని పట్టుకుని కిందికి వేలాడే భాగాన్ని, రెండు వేళ్ళతో పట్టుకుని అటూ ఇటూ ఊపి చూడు. కీళ్ళు వదులుగా ఉంటే ఎంత మెరుస్తున్నా వదిలెయ్. కానీ పై కప్పీ పక్కకి ఆడుతుంటే భయపడకు. అసలు ఈ ఉత్తరం రాస్తున్నది దాని గురించే.

1992లో నేను ఒక సైకిల్ బాగుచేశాను. ఎం735 డిరైలర్, 7 గేర్లు, హ్యాండిల్ మీద బొటనవేలి లివర్లు. డిరైలర్ విప్పి కడిగి రెండు కప్పీలూ చేతిలో పెట్టుకుని చూస్తే, కింద కప్పీ గట్టిగా ఉంది, పై కప్పీ మాత్రం వేలితో నొక్కగానే బుష్ మీద పక్కకి జరుగుతోంది. అరిగిపోయింది అనుకున్నాను. రెండు వైపులా పల్చటి వాషర్లు పెట్టి, కదలకుండా బిగించేశాను. చాలా శ్రద్ధగా చేశాను అమ్మడూ, అదే నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

ఆ ఆట అరుగుదల కాదు. కావాలని పెట్టినది, సెంటెరాన్ అంటారు. కేబుల్ కాస్త సాగినా, క్లిక్ వెంట్రుకవాసి తప్పినా, పై కప్పీ తనంతట తాను పక్కకి జరిగి పంటి చక్రం కింద సరిగ్గా కుదురుకుంటుంది. మనం సర్దలేని ఆ చివరి కొసరు అది సర్దుతుంది. నేను దాని చేతులు కట్టేశాను.

ఇక గేర్లు కూర్చోలేదు. పొద్దున సరిచేస్తే సాయంత్రానికి గరగర. పెద్ద చక్రం మీదికి చైన్ ఎక్కనని మొరాయించింది. తప్పు ఎక్కడుందో వెతకకుండా, లోపలి హద్దు స్క్రూని, అదే ఎల్ అని రాసి ఉండేది, ఒక చుట్టు వదులు చేశాను. అయినా ఎక్కలేదు. ఇంకో అర చుట్టు. అప్పుడు ఎక్కింది. భలే చేశాననుకుని సైకిల్ ఇచ్చేశాను.

ఇచ్చింది మీ అమ్మకి.

మర్నాడు ఎత్తు ఎక్కుతోంది, నేను వెనకే ఉన్నాను. క్లిక్కులు సరిగా పడటం లేదని లివర్‌ని క్లిక్కులు లేని పద్ధతికి తిప్పుకుని గట్టిగా లాగింది. చైన్ పెద్ద చక్రం దాటి స్పోక్స్‌లోకి దూరింది, దాని వెంటే కేజ్ కూడా. వెనక చక్రం ఒక్కసారిగా బిగుసుకుపోయింది. కాలు తీసుకునే లోపే పక్కకి పడింది. రాయి మీద గడ్డం కొట్టుకుంది. ఆ గీత నువ్వు చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. ఎలా అయిందని అడిగితే నీకు ‘సైకిల్ మీంచి పడ్డాను’ అని చెప్పి ఉంటుంది. నాతో కూడా అంతే అంది. నీ వల్లే అన్నయ్యా అని ఒక్కసారి కూడా అనలేదు. తను తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేదేమో.

అందుకని ఈ ఒక్క పని నేను చెప్పినట్టే చెయ్, ఎదురు మాట్లాడకు. వెనక చక్రం పైకి లేపి పెట్టి, చేత్తో పెడల్ తిప్పుతూ చైన్‌ని పెద్ద చక్రం మీదికి తీసుకెళ్ళు. తిప్పుతూనే డిరైలర్‌ని బొటనవేలితో స్పోక్స్ వైపు బలంగా నెట్టు. చైన్ పంటి మీంచి జారకూడదు, కేజ్ స్పోక్స్‌కి తగలకూడదు. తగిలితే ఎల్ స్క్రూ బిగించు. సరిపోయాక లివర్‌తో గట్టిగా లాగి మళ్ళీ చూడు. చైన్ పెద్ద చక్రం ఎక్కకపోతే మాత్రం ముందే స్క్రూ వదలకు. మొదట హ్యాంగర్, అంటే ఫ్రేముకి డిరైలర్ బిగించే చోటు, చూడు. నీది స్టీలు కాబట్టి వంగి ఉంటే కొలిచే పనిముట్టుతో సరిచేయించుకోవచ్చు. తర్వాత కేబుల్, ఆ తర్వాత కప్పీ. పై కప్పీని కింద, కింద కప్పీని పైన పెట్టలేదు కదా? చాలామంది అలా పెట్టేస్తారు. పక్కకి ఆడేదే పైన ఉండాలి. స్క్రూ జోలికి అన్నిటి తర్వాతే.

నిన్ను వద్దనడం లేదు. ఆరేళ్ళ వయసులో నా స్పానర్ల పెట్టె బోర్లించి సైజుల ప్రకారం వరసగా పేర్చినదానివి, ఈ పని నువ్వు కాక ఇంకెవరు చేస్తారు? చేతులు నల్లగా చేసుకుని పక్కన కూర్చోవాలని నాకే ఉంది.

ఇంకో సరదా సంగతి. షిమానో డిరైలర్ కేజ్ వెనక రెండు ఇంగ్లీషు అక్షరాలు చెక్కి ఉంటాయి. మొదటిది ఏడాది, 1976కి ఏ, 1977కి బీ, అలా. రెండోది నెల, జనవరికి ఏ. నీ సైకిల్ 1988ది కాబట్టి ఎం అక్షరంతో మొదలయ్యేది దొరికితే అదీ ఇదీ ఒకే ఏటివి.

ఈ ఉత్తరంతో పాటు చిన్న డబ్బా పంపుతున్నాను. అందులో ఉన్నది ఆనాటి ఎం735. కేజ్ మెలితిరిగి ఉంది, దాని వెనక ఓసీ అని ఉంటుంది చూడు, అంటే 1990 మార్చి. సైకిల్‌కి తగిలించేందుకు కాదు. వాషర్లు నేను తీయలేదు. పై కప్పీ విప్పి, వాటిని తీసేసి, వేలితో ఒకసారి పక్కకి నెట్టి చూడు. ఎంత కదలాలో నీ వేలికి తెలుస్తుంది. నువ్వు కొన్నదాని ఫోటో, ఆ రెండక్షరాలు కనిపించేలా, బిగించక ముందే నాకు పంపు.

మీ మామయ్య